సర్దుబాటు

‘సర్దుబాటు’ మన భాషలో చాలా మెత్తని మాట. పండక్కి చిన్న ఇంట్లో పదిమంది చుట్టాలు దిగితే సర్దుకుంటాం. బస్సులో ఇద్దరు కూర్చునే సీట్లో ముగ్గురం సర్దుకుంటాం. నాట్ల వేళకి చేతిలో డబ్బు ఆడకపోతే పక్కింటాయన ఓ పదివేలు సర్దుతాడు, నూర్పిళ్ళు కాగానే తీర్చేస్తాం. కాపురానికి వెళ్ళే పిల్లకి పెద్దవాళ్ళు చెప్పే మాటా అదే, కాస్త సర్దుకుపో తల్లీ అని. ఇంత దయగల మాట ఒక కంపెనీ పద్దుల్లోకి వెళ్ళి, యాభై మూడు వేలమంది అన్నం తింటున్న ఇంటిని లోపలినుంచి తొలిచేసిన వైనం తలుచుకుంటే ఇన్నేళ్ళ తర్వాత కూడా నా మనసు మనసులో ఉండదు.

2009 జనవరి 7, బుధవారం. ధనుర్మాసం చివరి రోజులు. సంక్రాంతి ఇంకో వారంలోకి వచ్చింది. మాదాపూర్ నుంచి బహదూర్‌పల్లి దాకా సత్యం కంప్యూటర్స్ ఆఫీసుల్లో పిల్లలు ఊళ్ళకి వెళ్ళే టికెట్లు చూసుకునే రోజులు. ఆ పూట ఛైర్మన్ బైర్రాజు రామలింగరాజు తన బోర్డుకి రాసిన లేఖ ఒకటి బయటికి వచ్చింది. టీవీల్లో అడుగున పరుగెత్తే అక్షరాలు చూసి, ఇది పొరపాటు వార్త అనుకున్నవాళ్ళే ఎక్కువ.

కంపెనీ పుస్తకాల్లో నగదు, బ్యాంకు నిల్వలు కలిపి 5,361 కోట్ల రూపాయలు. అందులో 5,040 కోట్లు లేవు. ఆ లేని డబ్బు మీద రావలసిన వడ్డీ అని రాసుకున్న 376 కోట్లూ లేవు. బయటినుంచి రావలసిన బాకీల్లో 490 కోట్లు ఎక్కువ చూపించారు. తీర్చవలసిన 1,230 కోట్ల అప్పుని పుస్తకాల్లో రాయనే లేదు. సెప్టెంబరుతో ముగిసిన మూడు నెలలకి 2,700 కోట్ల ఆదాయం, అందులో 649 కోట్ల లాభం అని లోకానికి చెప్పారు. వచ్చిన ఆదాయం 2,112 కోట్లు, మిగిలింది 61 కోట్లు. నూటికి ఇరవై నాలుగు మిగిలిందని చెప్పిన చోట నిజంగా మిగిలింది మూడు.

ఇవన్నీ ఆయన చేత్తో ఆయనే రాసిన అంకెలు. వాటి వెనకాలే ఒక వివరణ ఉంది. మొదట్లో అసలు లాభానికీ పుస్తకాల్లో చూపించిన లాభానికీ మధ్య తేడా చాలా చిన్నదట. కంపెనీ పెరిగినకొద్దీ అదీ పెరిగిందట. పులి మీద స్వారీ చేస్తున్నట్టయింది, ఎలా దిగాలో తెలియలేదు, దిగితే అది తినేస్తుంది అని రాశారు. పత్రికలన్నీ ఆ పులినే పట్టుకున్నాయి. నేను మాత్రం ఆ చిన్న తేడా దగ్గరే ఆగిపోయాను. పులిని చూస్తే ఎవరైనా భయపడతారు. ఆ మొదటి రోజున అక్కడ ఉన్నది పులి కాదు, పిల్లి కూన. ఎవరో దాన్ని ఒళ్ళో పెట్టుకుని పాలు పట్టారు.

ఎంత ఎత్తునుంచి పడిందో చెప్పకపోతే ఈ దుఃఖం అర్థం కాదు. రామలింగరాజుది భీమవరం ప్రాంతపు వ్యవసాయ కుటుంబం. బెజవాడ లయోలా కాలేజీలో బీకాం, అమెరికాలో ఒహాయో విశ్వవిద్యాలయంలో ఎంబీఏ. తిరిగొచ్చి నూలు మిల్లు పెట్టారు, కట్టుబడి పనులు చేశారు. 1987లో సుమారు ఇరవై మందితో సత్యం మొదలైంది. తండ్రి సత్యనారాయణరాజు పేరు అందులో ఉంది. 1991లో మొదటి పెద్ద ఖాతాదారు దొరికాడు: జాన్ డీర్, అమెరికాలో ట్రాక్టర్లు తయారుచేసే కంపెనీ. గోదావరి డెల్టా రైతు బిడ్డకి ట్రాక్టర్ల కంపెనీయే తొలి బోణీ చేసింది. 2001లో కంపెనీ న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజీలోకి వెళ్ళింది. 2008 నాటికి 66 దేశాల్లో పని. ప్రపంచ కప్ ఫుట్‌బాల్ పోటీలకి కంప్యూటర్ సేవలు అందించే ఒప్పందం కూడా చేతికొచ్చింది.

ఇవి పెద్ద విషయాలు. మన ఇళ్ళలో జరిగినవి ఇంకా పెద్దవి. అమీర్‌పేటలో ఒక గదిలో ఆరుగురు పడుకుని కోర్సులు నేర్చుకున్న కుర్రాడు సత్యంలో చేరితే, ఊళ్ళో వాళ్ళ నాన్న నడక మారేది. సంబంధం చూడడానికి వచ్చినవాళ్ళు ‘అబ్బాయి సత్యంలో’ అనగానే తక్కిన వివరాలు అడగడం మానేసేవాళ్ళు. రిటైరైన మాస్టార్లు గ్రాట్యుటీ డబ్బుతో ఆ షేర్లు కొన్నారు. ఇది మనవాళ్ళ కంపెనీ, ఎక్కడికి పోతుంది అని కొన్నారు. ఆ నమ్మకం ఏ బ్యాలెన్స్ షీట్లోనూ రాయలేదు, నిజంగా ఉన్న ఆస్తి మాత్రం అదే.

అలాంటి చోట మొదటి తేడా ఎలా వచ్చి ఉంటుంది? షేర్ మార్కెట్టు ప్రతి మూడు నెలలకీ ఒక అంకె అడుగుతుంది. పోటీ కంపెనీలు పాతికకి తగ్గకుండా చూపిస్తుంటాయి. మనది కొంచెం తక్కువొచ్చింది. అంకె తగ్గితే షేరు పడుతుంది, ప్రమోటర్ల వాటా తక్కువ కాబట్టి ఎవరైనా కంపెనీని చేజిక్కించుకోవచ్చు. తన భయం అదేనని లేఖలోనే రాశారు. వచ్చే క్వార్టర్లో పెద్ద ఒప్పందం రాబోతోంది. అప్పుడు పూడ్చేద్దాం. ఇది దొంగతనం కాదు, నూర్పిళ్ళ దాకా చేబదులు. ఇందులో నా సొంతానికి ఏముంది, ఇన్ని వేలమంది పిల్లల కోసం కదా.

ఆ గదిలో ఏ మాటలు అనుకున్నారో వినడానికి నేను అక్కడ లేను. ఈ మాటలు మాత్రం నాకు బాగా తెలుసు. మీకూ తెలుసు. కిరాణా కొట్టు నుంచి గుత్తేదారు ఆఫీసు దాకా తప్పుడు పద్దు రాసే ప్రతి చేయీ లోపల ఇవే అనుకుంటుంది. ‘నా కోసం కాదు’ అన్న మాటకి ఉన్నంత మత్తు ఇంకే మాటకీ లేదు. స్వార్థం కోసం తప్పు చేసేవాడికి కనీసం రాత్రిపూట ఒక ముల్లు గుచ్చుకుంటుంది. పదిమంది కోసం చేస్తున్నానని నమ్మినవాడికి ఆ ముల్లు కూడా ఉండదు, హాయిగా నిద్ర పడుతుంది.

ధర్మరాజు కథ ఇందుకే నన్ను ఇప్పటికీ కలవరపెడుతుంది. ద్రోణుణ్ణి ఆపకపోతే తనవాళ్ళంతా చచ్చిపోతారు. భీముడు ఒక ఏనుగుని చంపాడు, దాని పేరూ ద్రోణుడి కొడుకు పేరే, అశ్వత్థామ. ధర్మరాజు చెప్పాల్సిన మాట పైకి చెప్పి, ఏనుగన్న మాట మెల్లగా అన్నాడు. అంతకుముందు ఆయన రథం నేలకి నాలుగంగుళాల పైన నడిచేదంటారు. ఆ క్షణాన నేలకి దిగింది. రథం విరగలేదు, గుర్రాలు చావలేదు, యుద్ధం గెలిచారు కూడా. అంత గోలలో ఆ దిగడం ఎవరు గమనించారు? అయినా అన్నీ ముగిసి, స్వర్గం గడప దాకా వెళ్ళాక, ఆ ఒక్క మాటకి ఆయన నరకం చూడాల్సి వచ్చింది. మన పెద్దలు ఆ చిన్న తేడాని అంత పెద్ద లెక్కలో రాశారు.

సత్యంలో ఆ తేడాని మొయ్యడానికి ఒక యంత్రాంగమే పుట్టింది. లేని ఆదాయానికి బిల్లు కావాలి. బిల్లులు తయారుచేసే కంప్యూటర్ వ్యవస్థలోకి ‘సూపర్ యూజర్’ అధికారంతో వెళ్ళి దొంగ ఇన్వాయిస్‌లు ఎక్కించేవారు. మిగతా విభాగాల సిబ్బందికి కనబడకుండా వాటికి దాచిపెట్టే గుర్తు తగిలించేవారు. దర్యాప్తులో సీబీఐ లెక్క తేల్చినవి 7,561. బిల్లు ఉంటే డబ్బు రావాలి. డబ్బు వచ్చినట్టు బ్యాంకు స్టేట్‌మెంట్లు పుట్టించారు. అంత డబ్బు ఊరికే ఎందుకుంది అంటారని ఫిక్సెడ్ డిపాజిట్ రసీదులు పుట్టించారు. డిపాజిట్ ఉంటే వడ్డీ రావాలి కనుక దానికీ ఒక పద్దు. లాభం ఉంటే పన్ను కట్టాలి. లేని లాభానికి నిజమైన డబ్బుతో పన్ను కట్టారు. నాకు అన్నిటికంటే గుండె పట్టేసే చోటు ఇదే. పనిచేసిన పిల్లల చెమట నుంచి వచ్చిన అసలు రూపాయి, అబద్ధాన్ని బతికించడానికి ఖర్చయింది.

ఆ ఇన్వాయిస్‌లు కంప్యూటర్లో ఎక్కించిన చేతులు ఛైర్మన్‌వి కావు. మనలాంటి ఉద్యోగులవి. ఇంటి అద్దె, పిల్లల స్కూలు ఫీజు, అమ్మ మందులు ఉన్న మనుషులవి. ‘పైనుంచి చెప్పారు, నేను చేశాను’ అన్నది వాళ్ళ సర్దుబాటు. ఒక బిల్లు ఎక్కించి ఇంటికి వెళ్ళి భోజనం చేశారు. మరునాడు ఇంకోటి. వెయ్యో బిల్లు దగ్గర చెయ్యి వణికి ఉండదు. వణకాల్సింది మొదటిదాని దగ్గర.

మరి కాపలా ఉన్నవాళ్ళు? ప్రపంచమంతా పేరున్న ప్రైస్ వాటర్‌హౌస్ ఆడిటర్లు ఏళ్ళతరబడి ఆ పుస్తకాల మీద సంతకం పెట్టారు. ఆడిట్‌లో అక్షరాభ్యాసంలాంటి పని ఒకటుంది. బ్యాంకుకి ఆడిటరే నేరుగా ఉత్తరం రాసి, ఈ కంపెనీ డబ్బు మీ దగ్గర ఎంత ఉంది అని అడగాలి. జవాబు ఆడిటర్ చేతికే రావాలి. ఆ ఉత్తరాలు పంపే పనీ, జవాబులు తెచ్చే పనీ మొత్తం కంపెనీ యాజమాన్యానికే వదిలేశారని 2011లో అమెరికా మార్కెట్ల నియంత్రణ సంస్థ తేల్చింది. తాళంచెవి ఎవరి చేతిలో ఉందో వాళ్ళనే, పెట్టెలో ఎంతుందో మీరే చూసి చెప్పండి అన్నట్టు. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇక్కడ పట్టుకోవలసినవాళ్ళు పెట్టె మూత కూడా ఎత్తి చూడలేదు. పెద్ద ఖాతాదారు, మంచి ఫీజు, మర్యాదస్తులు, ఇన్నేళ్ళ పరిచయం. మళ్ళీ మళ్ళీ అడిగితే బాగుండదు. మొహమాటం కూడా ఒక సర్దుబాటే.

బోర్డులో కూర్చున్నవాళ్ళూ తక్కువవాళ్ళు కారు. హార్వర్డ్ ఆచార్యుడు కృష్ణ పాలెపు, పెంటియం చిప్ తయారీలో పేరుపడ్డ వినోద్ ధామ్, ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ డీన్ రామ్మోహనరావు, కేబినెట్ కార్యదర్శిగా చేసిన టి.ఆర్. ప్రసాద్. 2008 డిసెంబరు 16న వాళ్ళ ముందుకి ఒక ప్రతిపాదన వచ్చింది. రాజు కుటుంబానికే చెందిన మేటాస్ ప్రాపర్టీస్‌ని పూర్తిగా, మేటాస్ ఇన్‌ఫ్రాలో 51 శాతాన్ని, సుమారు 160 కోట్ల డాలర్లకి సత్యం కొనాలి. కంప్యూటర్ల కంపెనీకి భూములూ కట్టుబడులూ ఎందుకు అని అడగాల్సిన చోట, కొన్ని సందేహాలు పలికి, చివరికి సరే అన్నారు. గట్టిగా కాదన్నది మదుపరులే. అమెరికాలో ఆ రాత్రే షేరు సగానికి పైగా కూలింది. తెల్లారేసరికి ఒప్పందం వెనక్కి తీసుకున్నారు. ఆ కొనుగోలు అసలు ఉద్దేశం జనవరి లేఖలో బయటపడింది: లేని ఆస్తుల గోతిలో ఉన్న ఆస్తుల్ని పోసి పూడ్చడం. కాగితం మీద డబ్బు చేతులు మారినట్టు చూపిస్తే ఆ అయిదు వేల కోట్లూ ఖర్చయిపోయినట్టే, ఎవరూ వెతకరు. అదే ఆఖరి సర్దుబాటు.

ఆ తర్వాత అన్నీ ఒకదాని వెంట ఒకటి జరిగిపోయాయి. ప్రపంచ బ్యాంకు తమ పనులు ఎనిమిదేళ్ళపాటు ఇవ్వబోమంది. లెక్కలు చూడండి అంటూ మారుపేరుతో ఎవరో ఒక డైరెక్టర్‌కి ఉత్తరం పంపారు. డైరెక్టర్లలో కొందరు రాజీనామా చేశారు. ప్రమోటర్లు తాకట్టు పెట్టిన షేర్లని అప్పులిచ్చినవాళ్ళు అమ్మేసుకున్నారు. లేఖ వచ్చిన రోజు ముందటి సాయంత్రం 179 రూపాయలున్న షేరు ఆ సాయంత్రానికి 40 దగ్గరికి దిగింది. అంతకు మూడు నాలుగు నెలల ముందే ఈ కంపెనీకి ఉత్తమ కార్పొరేట్ పాలనకి గోల్డెన్ పీకాక్ అవార్డు ఇచ్చారు. దాన్ని వెనక్కి తీసుకున్నారు. జనవరి 9 రాత్రి రామలింగరాజునీ తమ్ముడు రామరాజునీ అరెస్టు చేశారు. చంచల్‌గూడ జైలు.

ఆ పండగ ఎలా గడిచిందో చాలా ఇళ్ళకి గుర్తుంటుంది. ముగ్గులు వేశారు, గొబ్బెమ్మలు పెట్టారు. అరిసెల పాకం ముందే పట్టి ఉంచారు కాబట్టి అవీ వండారు. ఇంటికొచ్చిన కొడుకుని జీతం వస్తుందా అని అడగడానికి తండ్రికి నోరు రాలేదు. నిశ్చయమైన సంబంధాలు కొన్ని మాటామంతీ లేకుండా ఆగిపోయాయి. అంత గందరగోళంలోనూ ఆ ఉద్యోగుల్లో ఎక్కువమంది రాత్రి షిఫ్టులకి వెళ్ళారు, ఎక్కడో అమెరికాలో ఖాతాదారుల యంత్రాలు ఆగిపోకుండా చూశారు. కేంద్ర ప్రభుత్వం పాత బోర్డుని తీసేసి దీపక్ పారేఖ్, కిరణ్ కార్నిక్, సి. అచ్యుతన్‌లతో కొత్త బోర్డు వేసింది. వాళ్ళ మొదటి బెంగ జీతాలే. మూడు నెలల్లో, ఏప్రిల్ 13న, టెక్ మహీంద్రా షేరుకి 58 రూపాయల చొప్పున పాడుకుని కంపెనీని దక్కించుకుంది. యాజమాన్యం నడిపిన అబద్ధం కూలినా ఉద్యోగులు నడిపిన పని నిలబడింది కాబట్టే ఆ పాట సాధ్యమైంది. వాళ్ళకి ఏ అవార్డూ ఇవ్వలేదు.

అప్పట్లో మన మధ్య తిరిగిన మాటలు కూడా ఈ గాథలో రాయాలి. పెళ్ళి పందిళ్ళలో, టీ కొట్ల దగ్గర, రైళ్ళలో నేను విన్నవి. ‘ఎవరు చెయ్యట్లేదు? ఈయన దొరికాడు.’ ‘తెలుగువాడు పైకొస్తే చూడలేక తొక్కేశారు.’ ‘ఒక్క రూపాయి జేబులో వేసుకున్నాడా?’ ‘108 పెట్టిన మహానుభావుడండీ.’

108 మాట నిజం. 2005లో రామలింగరాజు మొదలుపెట్టించిన అత్యవసర అంబులెన్సు సేవ అది. రోడ్డు ప్రమాదంలో పడ్డవాళ్ళనీ, నొప్పులు పడుతున్న ఆడవాళ్ళనీ నడిరాత్రి ఆసుపత్రికి చేర్చిన బండ్లు అవి. పశ్చిమ గోదావరి పల్లెల్లో ఆ కుటుంబపు ఫౌండేషన్ పెట్టిన మంచినీటి ప్లాంట్లూ నిజం. ఆ మంచిని కాదనడానికి నాకు మనసొప్పదు. కానీ ఆ మంచిని తెచ్చి ఈ పద్దులో జమ వేసుకుని బాకీ చెల్లయిందని రాసుకుంటే, రిటైరైన మాస్టారి గ్రాట్యుటీ ఏ పద్దులోకి వెళ్తుంది? ఒక్క రూపాయీ లాభపడలేదని లేఖలో ఉంది. రాజుతో పాటు మరికొందరు అక్రమంగా సంపాదించినదిగా 1,849 కోట్లు వడ్డీతో కట్టాలని 2014లో మన మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ ఆదేశించింది. ఆ లేఖ రాసేటప్పుడు ఆయన అబద్ధమని తెలిసే ఆ మాట రాశారని నేను అనుకోను. అన్నేళ్ళు తనకి తాను చెప్పుకున్న మాట అప్పటికి ఆయనకే నిజమైపోయి ఉంటుంది. అలా అయిపోవడం మరీ భయంకరంగా తోస్తుంది నాకు.

2015 ఏప్రిల్ 9న హైదరాబాదులో ప్రత్యేక కోర్టు పదిమందిని దోషులుగా తేల్చి ఏడేళ్ళ శిక్ష వేసింది. అన్నదమ్ములు, ఆర్థిక వ్యవహారాల అధికారి, ఆడిటర్లు, కింది ఉద్యోగులు, అందరూ ఒకే జాబితాలో. నెల తిరగగానే పైకోర్టు ఆ శిక్షని నిలిపి బెయిలిచ్చింది. అప్పటికి కంపెనీ టెక్ మహీంద్రాలో కలిసిపోయి రెండేళ్ళు. ఇప్పటి పిల్లలకి సత్యం అంటే ఒక కంపెనీ అని కూడా తెలియదు. 108 బండి మాత్రం వేరే వాళ్ళ చేతుల్లో మన రోడ్ల మీద తిరుగుతూనే ఉంది.

నాకు కళ్ళ ముందు మెదిలేది కోర్టూ కాదు, జైలూ కాదు. లేఖలో తేదీ రాయని ఆ మొదటి సాయంత్రం. మూడు నెలల లెక్క వచ్చింది, అనుకున్నదానికి కొంచెం తగ్గింది. గదిలో ఇద్దరో ముగ్గురో ఉన్నారు. బల్ల మీద కాగితం. ఉన్నదున్నట్టు రాసి బయటపెట్టి ఉంటే మర్నాడు షేరు పది రూపాయలో ఇరవై రూపాయలో పడేది. పత్రికలో నాలుగు వాక్యాలు రాసేవాళ్ళు. ఎవరో ఒక పెట్టుబడిదారు ఫోన్ చేసి గట్టిగా అడిగేవాడు, ఈసారి తగ్గిందండీ అని చెప్పేవాళ్ళు. ఆ గదిలో దీపం ఆర్పి, తాళం వేసి, ఇంటికి వెళ్ళి వేడన్నంలో పప్పు కలుపుకుని తినేవాళ్ళు.